లైసెన్స్ ఉన్న రైఫిల్‌కి తూటాలు ఇంట్లో తయారు చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. అమరావతి రోడ్డు వైపు ఊరికి దూరంగా, మిర్చి చేల పక్కన తోటలో ఇల్లు కట్టుకున్నాం. నాన్నగారు పోయాక ఆయన .315 రైఫిల్‌కి నా పేరు మీద లైసెన్స్ తీసుకున్నాను. ఇంటి రక్షణ కోసమే ఉంచుకున్నాను. తూటాలు ఖరీదు, కావలసినప్పుడు దొరకవు. డాలస్‌లో ఉండే మా బావమరిది ఖాళీ షెల్స్‌లో మళ్లీ మందు నింపి తన తూటాలు తనే చేసుకుంటాడు. అక్కడ అది మామూలేనట. ఆ చిన్న మెషీన్ ఒకటి నాకూ పంపిస్తానంటున్నాడు. నాన్నగారి బీరువాలో పాత తూటాలు ముప్పై దాకా, ఖాళీ షెల్స్ ఒక డబ్బా నిండా ఉన్నాయి. సొంత వాడకానికే కాబట్టి ఇంట్లో తయారు చేసుకుని, మా తోటలోనే పేల్చి చూసుకుంటే చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంటుంది, అదీ మీరు ఊహించనంత. మెషీన్ ఇంకా బయల్దేరకపోతే ముందు మీ బావమరిదికి ఫోన్ చేసి ఆపించండి. మిగతాది ఆ తర్వాత చదవవచ్చు.

మీ దగ్గరున్న లైసెన్స్ ఏ పనికి ఇచ్చారో ఒకసారి చూడండి. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 3 కింద తుపాకీని, దానికి సరిపడే తూటాలను కొనుక్కోవడానికి, దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి అది. తూటాల తయారీ సెక్షన్ 5 కిందికి వస్తుంది. తయారు చేయడం, మార్చడం, రిపేరు చేయడం, పరీక్షించడం – ఇవన్నీ ఆ సెక్షన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. అంటే మీరు అడిగిన రెండు పనులూ, తయారీ, టెస్టింగ్, అక్కడ పేరు పెట్టి మరీ చెప్పారు. వాటికి వేరే లైసెన్స్ కావాలి. అది ఫ్యాక్టరీలను, వర్క్‌షాపులను దృష్టిలో పెట్టుకున్న లైసెన్స్ గానీ, ఇంటి వెనక గదిలో పెట్టుకునే మెషీన్ కోసం ఉద్దేశించింది కాదు.

‘సొంతానికే కదా’ అన్న వాదన నా దగ్గరికి వచ్చే చాలామంది నోట వింటుంటాను. అది ఇక్కడ నిలబడదు. సొంత వాడకానికి ఉంచుకున్న ఆయుధాన్ని ఇంకొక అర్హుడికి అమ్ముకునే విషయంలో సెక్షన్ 5(2) కొంత వెసులుబాటు ఇచ్చింది. తయారీ విషయంలో అలాంటి మాట ఒక్కటీ లేదు. మీ బావమరిది చెప్పింది అబద్ధమేం కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంతానికి రీలోడింగ్ (ఖాళీ షెల్స్‌లో మళ్లీ మందు నింపడం) చేసుకుంటే లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. కాకపోతే ఆ చట్టం డాలస్‌లో ఉన్నవాళ్లకి.

ఇక శిక్ష. సెక్షన్ 5ని మీరితే సెక్షన్ 25(1) వర్తిస్తుంది. 2019 సవరణకు ముందు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు ఉండేది. ఆ ఏడాది డిసెంబర్ 14 నుంచి కనీసమే ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. జరిమానా అదనం. ఈ సవరణ అక్రమ ఆయుధాల ముఠాలను ఉద్దేశించి తెచ్చిందే. కానీ సెక్షన్ భాషలో ముఠాకీ, తోటలో ఇల్లు కట్టుకున్న రైతుకీ తేడా పెట్టలేదు. మీరు మర్యాదస్తులని జడ్జిగారికి అనిపించినా, కనీస శిక్ష దగ్గర ఆయన చేతులు కట్టేసినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. లైసెన్స్ లేకుండా ఆయుధం ఉంచుకున్నారని సెక్షన్ 3 కింద కేసు పెట్టాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, అది సెక్షన్ 39. తయారీ కేసుకి ఆ అడ్డుగోడ కూడా లేదు. పైగా నాన్ బెయిలబుల్.

మెషీన్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే. మందు లేదు, గుండు లేదు, ఉత్త ఇనుప ప్రెస్ కదా అనుకుంటారు. చట్టంలో ‘అమ్యూనిషన్’ నిర్వచనం తెరిచి చూస్తే, తూటాల విడిభాగాలతో పాటు తూటాలు తయారు చేసే యంత్రాలను కూడా అందులోనే చేర్చారు. అంటే ఆ ప్రెస్ మీ ఇంటికి చేరితే, చట్టం దృష్టిలో మీ ఇంటికి అమ్యూనిషన్ చేరినట్టు. విదేశం నుంచి అనుమతి లేకుండా తెప్పించడం సెక్షన్ 10ని మీరడం. పైన కస్టమ్స్ చట్టం ఉండనే ఉంది. పార్సిల్ మీద ‘మెషీన్ పార్టులు’ అని రాసి పంపితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినకండి. దొరికిపోయిన రోజున, మీకు అన్నీ తెలిసే చేశారనడానికి ఆ తప్పుడు రాతే సాక్ష్యం అవుతుంది.

మరి డబ్బాలో ఉన్న ఖాళీ షెల్స్? సెక్షన్ 45(డి) ఉపయోగపడేది దీనికే. తూటాల చిన్నచిన్న భాగాలు ఎవరి దగ్గరైనా ఉండి, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే ఈ చట్టం వాటికి వర్తించదు. పేల్చేసిన షెల్‌ని షోకేసులో పెట్టుకున్న మనిషిని కోర్టులు కాపాడేది ఈ నిబంధనతోనే. ఇప్పుడు అదే డబ్బా పక్కన ఒక ప్రెస్, కొంత మందు, కొన్ని ప్రైమర్లు (షెల్ అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్లలు) పెట్టి చూడండి. ‘కలిపి వాడే ఉద్దేశం’ బల్ల మీదే కనబడుతుంది, మినహాయింపు ఎగిరిపోతుంది. మందు దొరికితే పేలుడు పదార్థాల చట్టాల కింద ఇంకో కేసు కూడా తోడవ్వవచ్చు.

పాత తూటాల గురించి మీరు అడగలేదు గానీ, నాకు అసలు టెన్షన్ అక్కడే ఉంది. ఆ ముప్పై తూటాలు మీ లైసెన్స్ బుక్కులో ఎక్కాయా? రైఫిల్‌కి మీరు లైసెన్స్ తీసుకున్నంత మాత్రాన బీరువాలో ఉన్నవన్నీ సక్రమం అయిపోవు. ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో మీ లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. కొన్నప్పుడల్లా డీలర్ అందులో ఎంట్రీ వేస్తాడు. లెక్కకు మించినవి, వేరే బోర్‌వి, అంటే వేరే గొట్టం సైజువి, ఏమైనా ఉంటే ప్రమాదమే. ముఖ్యంగా .303, 9 ఎంఎం లాంటి ప్రొహిబిటెడ్ (మామూలు లైసెన్స్‌కి నిషిద్ధమైన) బోర్ తూటా ఒక్కటి కలిసి ఉన్నా వ్యవహారం వేరే సెక్షన్‌లోకి వెళ్తుంది. ఒక్కోటి తీసి అడుగున ఉన్న ముద్ర చూడండి. లెక్కలో లేనివాటిని రాత్రికి రాత్రి కాలువలో పారేయకండి. పిల్లల చేతికి దొరికితే అది ఇంకో ఘోరం. నాన్నగారి సామాన్లలో ఫలానా రోజున కనబడ్డాయని ఒక లేఖ రాసి, మీ లాయర్‌ని వెంటబెట్టుకుని వెళ్లి, స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పజెప్పి రసీదు తీసుకోండి. దాచిపెట్టే ఉద్దేశం లేదనడానికి ఆ రసీదే మీకు రక్ష.

తోటలో పేల్చి చూడటం అనేది ఫ్యాక్టరీ తూటాలతో అయినా తప్పే. మీ లైసెన్స్ ఆత్మరక్షణకు ఇచ్చింది. టార్గెట్ ప్రాక్టీసుకి అనుమతి ఉన్న రేంజ్ వేరే. రైఫిల్ గుండు చెట్టుకి తగిలి ఆగుతుందన్న భరోసా లేదు. మిర్చి కోతల సీజన్‌లో ఆ చుట్టుపక్కల చేలల్లో ఎంతమంది కూలీలు వంగి పని చేస్తుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాలిస్తే సెక్షన్ 25(9) కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంట్లో చేసిన తూటా అయితే కాల్చేవాడికే మొదటి ప్రమాదం. మందు తక్కువ పడితే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుపోతుంది, అది గమనించక రెండోది పేలిస్తే బ్యారెల్ చీలిపోవచ్చు. ఎక్కువ పడితే ఒత్తిడికి బోల్ట్ దగ్గరే బద్దలవ్వచ్చు.

ఇప్పుడు మీ అసలు భయం, దొంగలు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. ఆస్తి రక్షణ కోసం ప్రాణం తీసే వరకు వెళ్లే హక్కు సెక్షన్ 41లో చెప్పిన సందర్భాల్లోనే ఉంటుంది. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు ఇంటి తలుపులు బద్దలుకొట్టి చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం లాంటివి అందులో ఉన్నాయి. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు బస్తాలకెత్తుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే ఆ హక్కు మిమ్మల్ని కాపాడటం చాలా కష్టం. అవసరానికి మించిన హాని చేయకూడదని, పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కు ఉండదని సెక్షన్ 37 స్పష్టంగా చెబుతోంది. ఆత్మరక్షణ అని నిరూపించుకునే భారం కూడా మీ మీదే, భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 108 ప్రకారం. ఒకవేళ నిజంగానే కాల్చాల్సి వచ్చి, ఆత్మరక్షణ వాదన గెలిచారనుకుందాం. ఫోరెన్సిక్ ల్యాబ్ అది ఫ్యాక్టరీ తూటా కాదని తేల్చితే తయారీ కేసు దాని దారిన అది నడుస్తుంది. అలాంటి తూటా వాడినందుకు తోడుగా ఆయుధాల చట్టం సెక్షన్ 27 వస్తుంది, మూడు నుంచి ఏడేళ్లు.

నన్నడిగితే ఆ ఇంటికి ముందు మంచి లైట్లు, కెమెరాలు, ఒక కుక్క, చేను దాకా వినిపించే సైరన్ పెట్టించమంటాను. రైఫిల్ ఇనప్పెట్టెలో ఉంచుకోండి. తూటాలు లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర, పెట్టె మీద ఫ్యాక్టరీ ముద్ర చూసి కొని, బుక్కులో ఎంట్రీ వేయించుకోండి. గుంటూరులో లైసెన్సింగ్ అధికారి జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ గారు, కాబట్టి తూటాల సంఖ్య చాలకపోతే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోవాలి. విజయవాడ వాళ్లయితే పోలీస్ కమిషనర్ ఆఫీసుకి వెళ్లాలి. గురి అలవాటు చేసుకోవాలనుకుంటే గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బులో సభ్యత్వం అడగండి. జాతీయ స్థాయి షూటర్లకు తూటాల సంఖ్యలో ప్రత్యేక వెసులుబాట్లు ఉన్నాయి గానీ, ఆత్మరక్షణ లైసెన్స్ మీద అవి అడిగితే రావు.

బావమరిది పార్సిల్ ఇప్పటికే బయల్దేరి ఉంటే మాత్రం దాన్ని తీసుకోకండి, విప్పకండి. కొరియర్ ట్రాకింగ్ నంబరు, మీ ఇద్దరి మధ్య నడిచిన మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకుండా పట్టుకుని, ఆ పార్సిల్ కస్టమ్స్‌కి చేరకముందే గుంటూరులో ఒక క్రిమినల్ లాయర్‌ని కలవండి.