జనవరి చలిలో టెంట్‌లో పడుకోవాలంటే బొంత, రజాయి, కంబళి: ఏది తీసుకెళ్లాలి?

మీ ప్లాన్ నాకు అర్థమైనంత వరకు ఇది: బెంగళూరు నుంచి కారులో బయలుదేరి చిక్కమగళూరు దగ్గర ఒక కాఫీ ఎస్టేట్‌లో రెండు రాత్రులు టెంట్, వీలైతే అక్కడి నుంచి ఊటీ. ఇంట్లో అమ్మమ్మ కుట్టిన బొంత, దూది నింపిన ఒక జైపురి రజాయి ఉన్నాయి. కంబళి కూడా కొనాలా అని అడుగుతున్నారు. స్లీపింగ్ బ్యాగుల మీద డబ్బు పెట్టడం ఇష్టం లేదు, వెంట ఐదేళ్ల పాప ఉంది.

కంబళి కొనండి. అయితే కప్పుకోవడానికి కాదు, కింద పరుచుకోవడానికి.

ఇలా అంటే చాలామంది వింతగా చూస్తారు. మంచం మీద పడుకునే అలవాటున్న మనకు చలి అంటే పైనుంచి వచ్చేదే. టెంట్‌లో ఒంటి వేడిని గుంజేసేది నేల. దుప్పటి వెచ్చగా ఉండేది దానిలో చిక్కుకున్న గాలి వల్ల. మన బరువు కింద నలిగితే ఆ గాలి పోతుంది. అందుకే మంచి రజాయిని రెండు మడతలు వేసి పరుచుకున్నా తెల్లవారుజామున నడుము జిల్లుమంటుంది. గాలి నింపే పరుపు తెచ్చుకునేవాళ్ల కష్టం ఇంకో రకం. లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ నేల చల్లదనాన్ని వీపుకు అందిస్తూనే ఉంటుంది. మెత్తగా ఉంటుంది కానీ వెచ్చగా ఉండదు. దాన్నే తీసుకెళ్లాలనుకుంటే దాని మీద కంబళి పరవండి.

మాది కల్యాణదుర్గం వైపు. ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మంద పెట్టించినప్పుడు కాపరులు రాత్రంతా ఆ చేలోనే పడుకునేవాళ్లు. కంబళిని సగం కింద వేసుకుని సగం పైకి లాక్కునేవాళ్లు. వాన వస్తే అదే కంబళిని మడిచి తల మీద ముసుగులా కొప్పెర వేసుకునేవాళ్లు. మంచు పడే డిసెంబరులో కూడా వాళ్ల దగ్గర వేరే పరుపు నేను చూడలేదు. దక్కనీ గొర్రెల ఉన్ని మెత్తనిది కాదు, ముతక. కానీ కింద వేసుకోవడానికి ఆ ముతకదనమే మేలు. దూదిలా అణిగిపోదు, కొంచెం ఎదురు తన్నుతూనే ఉంటుంది.

ఇక తేమ. ఎస్టేట్‌లో మీకు అసలు ఇబ్బంది పెట్టేది ఇదే. రాత్రి ముగ్గురు ఊపిరి తీస్తుంటే ఆ ఆవిరంతా టెంట్ గుడ్డకు లోపలి వైపు నీటి బొట్లై పడుతుంది, బయట మంచు సరే సరి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిసినట్టు తెలియదు, వెచ్చదనం పెద్దగా తగ్గదు. నూలు అలా కాదు. తడి పట్టిందంటే దూది ముద్దకట్టి బరువెక్కుతుంది, ఆ చెట్ల నీడలో మర్నాడు ఆరదు కూడా. మీ అమ్మమ్మగారి బొంత మీద ప్రేమ ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచండి. పాత చీరలు పొరలు పొరలుగా వేసి దగ్గర దగ్గరగా కుట్టిన బొంతలో గాలికి చోటే ఉండదు, బరువు మాత్రం బోలెడు. బెంగళూరు చలికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, కొండ మీద మంచుకు కాదు.

రజాయి తీసుకెళ్లండి, కారులోనే వెళ్తున్నారు కాబట్టి. పాతదైతే ముందు దూది ఏకించండి. ఉండలు కట్టిన దూది మళ్లీ పొంగితే అదే రజాయి కొత్తదానిలా పనిచేస్తుంది. ఏకించే మనిషి దొరక్కపోతే కనీసం మిద్దె మీద మంచి ఎండలో వేసి రెండు వైపులా బాగా దులపండి. టెంట్‌లో దాన్ని గోడలకు తగలనివ్వొద్దు, బొట్లన్నీ అక్కడే ఉంటాయి. దాని మీద పలచటి ఉన్ని శాలువా ఒకటి కప్పితే పైనుంచి పడే చుక్కల్ని అది పట్టుకుంటుంది.

నేను పరిచే వరుస ఇది: నేల మీద టార్పాలిన్, దాని మీద టెంట్, లోపల చాప, చాప మీద రెండు మడతలు వేసిన కంబళి, దాని మీద దుప్పటి. ఎస్టేట్ వాళ్లను అడిగితే ఎండు వరిగడ్డి ఇస్తారేమో చూడండి. టార్పాలిన్‌కీ టెంట్‌కీ మధ్య జానెడు మందాన పరిస్తే కింద నుంచి చలి దాదాపు తెలియదు. గడ్డి పొడిగా ఉండాలి, మంట దానికి దూరంగా ఉండాలి.

కంబళి గుచ్చుకుంటుంది, నిజమే. గొంగళి కప్పుకుని వెంట్రుకలు ఏరితే పని జరగదు. మెత్తబడిన పాత నూలు చీరను మడిచి ఒక పక్క, కింద కుట్టేస్తే సంచిలా అవుతుంది. దానిలో దూరి పడుకుంటే ఉన్ని ఒంటికి తగలదు. కొత్త కంబళి అట్టలా బిరుసుగా ఉంటే కంగారు పడకండి. నేసేటప్పుడు పడుగుకు చింతగింజల గంజి పెడతారు, వాడేకొద్దీ మెత్తబడుతుంది. తడిస్తే గొర్రెల వాసన వస్తుంది, దానికి నా దగ్గర మందు లేదు.

కొనేటప్పుడు జాగ్రత్త. కంబళి పేరుతో అమ్మేవాటిలో యాక్రిలిక్ కలిసినవి, పాత ఉన్ని బట్టల్ని చీల్చి తీసిన దారంతో మిల్లుల్లో నేసినవి చాలా ఉంటాయి. అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూపించమనండి. అసలు ఉన్ని నెమ్మదిగా కాలి వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పోగు ఇవ్వడానికి ఒప్పుకోని దుకాణంలో నేనైతే కొనను. చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె చేనేత కంబళ్లకు పేరున్న ఊరు. అటు వెళ్లే చుట్టాలెవరైనా ఉంటే చెప్పి పెట్టుకోండి. బెంగళూరులోనే కావాలంటే ముందు ఖాదీ దుకాణాలు, తర్వాత చిక్కపేట.

ఎంత చలి ఉంటుందో లెక్క వేసుకోవడం తేలిక. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది, జనవరి తెల్లవారుజామున మామూలుగా 15, 16 డిగ్రీలు. మీ ఎస్టేట్ ముళ్లయ్యనగిరి కొండ వాలుల్లో 1,300 మీటర్ల దగ్గర ఉంటే 12, 13 అనుకోండి. పైన చెప్పిన సరంజామా దానికి ఎక్కువే. ఊటీ 2,240 మీటర్లు, అంటే 7 దాకా దిగుతుంది. మబ్బు లేని రాత్రి పల్లపు పచ్చికలో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది కూడా. చల్లగాలి బరువుగా పల్లంలోకి జారి నిలుస్తుంది కాబట్టి టెంట్ కొంచెం మెరక మీద వేయించుకోండి. ఊటీ ఖాయమైతే ఇంకో కంబళి పెట్టుకోండి, లేదా అక్కడ గది తీసుకోండి. పాపతో నేనైతే గదికే ఓటు వేస్తాను.

ఇదంతా కారులో వెళ్లేవాళ్ల మాట. వీపు మీద మోస్తూ కొండ ఎక్కేవాళ్లు మొహమాటం లేకుండా స్లీపింగ్ బ్యాగు అద్దెకు తీసుకోవాలి. రెండు మూడు కేజీల కంబళి, దాని మీద రజాయి మోసుకుంటూ సంప్రదాయం అనుకోవడంలో అర్థం లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎంత చలిగా ఉన్నా బొగ్గుల కుంపటి టెంట్‌లోకి తేవద్దు, నిప్పు ఆరిపోయినట్టు కనిపిస్తున్నా సరే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వేడి కావాలంటే స్టీలు బాటిల్‌లో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మందపాటి సాక్సులో పెట్టి కాళ్ల దగ్గర ఉంచుకోండి. గాలి ఆడేలా టెంట్ జిప్పు పైన కొంచెం తెరిచే ఉంచండి, ఆవిరి కూడా బయటికి పోతుంది.

పాపను మీ ఇద్దరి మధ్య పడుకోబెట్టండి. పగలు ఆడిన బట్టలు చెమటతో తడిగా ఉంటాయి, వాటితోనే పడుకోనివ్వకుండా పొడి బట్టలు, సాక్సులు, మంకీ క్యాప్ విడిగా ఒక కవర్‌లో కట్టి దాచండి. ముఖం మీదికి రజాయి లాక్కుంటే లాగేయండి, బరువైన దుప్పటి కింద పిల్లలకు ఊపిరి ఆడదు, పైగా ఊపిరి తేమకు రజాయి తడుస్తుంది. రాత్రి ఒకసారి పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట ఉంటే ఒక పొర తీసేయండి, చల్లగా ఉంటే మీ వైపుకు దగ్గరగా లాక్కోండి.