నరాల కణాలను కాపాడే ప్రొటీన్ చికిత్స ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు. రెండేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. మెదడులో నరాల కణాలు చనిపోకుండా కాపాడే ప్రొటీన్లను కణాలకే అందించే చికిత్స వస్తోందని చదివాను. అది ఎప్పటికి దొరుకుతుంది? ప్రస్తుతం బలానికి ప్రొటీన్ పౌడర్ ఇస్తున్నాం. వికారంగా ఉందంటే మందుల షాపులో అడిగి వాంతుల మాత్ర తెచ్చాం. ఈమధ్య బాగా బిగుసుకుపోతున్నారు. లెవోడోపా పడటం లేదేమోనని వారం నుంచి సగమే ఇస్తున్నాం. - ఒక పాఠకుడు

జవాబు: రాబోయే చికిత్స సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ వాంతుల మాత్ర. దాని పేరు మీరు రాయలేదు. స్ట్రిప్ మీద మెటోక్లోప్రమైడ్ అనో, ప్రోక్లోర్‌పెరజైన్ అనో ఉందేమో ఇప్పుడే చూడండి. ఇవి మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటాయి. మన కదలికలను సాఫీగా నడిపించే రసాయనం అది. మీ నాన్నగారికి తక్కువైందే డోపమైన్. కళ్లు తిరుగుతున్నాయని చాలామంది సొంతంగా వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్‌లతోనూ ఇదే ఇబ్బంది. పార్కిన్సన్స్ లేనివాళ్లకు కూడా వీటితో వణుకు, బిగుతు రావచ్చు. ఆయన్ను పరీక్షించకుండా కారణం ఇదేనని నేను చెప్పలేను గానీ, మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇలాంటివారికి మేం సాధారణంగా డాంపెరిడోన్ రాస్తాం. అదీ గుండె పరిస్థితి, వాడుతున్న ఇతర మందులు చూశాకే. పేరు చెప్పాను కదా అని మీరే కొనేయకండి.

అసలు మందైన లెవోడోపాను (మెదడులో డోపమైన్‌గా మారేది ఇదే) సగానికి తగ్గించడం మరో పొరపాటు. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ లెవోడోపా ఉన్నట్టుండి తగ్గించినా, ఆపినా కొందరిలో తీవ్రమైన జ్వరం, కర్రలా బిగుసుకుపోవడం, మతి తప్పి మాట్లాడటం మొదలవుతాయి. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. డాక్టర్‌కు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది.

ప్రొటీన్ పౌడర్‌తో నరాల కణాలకు రక్షణ రాదు. తిన్న ప్రొటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. పైగా పేగుల దగ్గరా, మెదడు గడప దగ్గరా అవి లెవోడోపాకు పోటీ వస్తాయి. అందుకే ఆ మాత్ర భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేయమంటాం. అలాగని ప్రొటీన్ పూర్తిగా మానేస్తే బరువు తగ్గిపోతారు.

ఇక మీరు అడిగింది. డోపమైన్ కణాలను బతికించే జీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను 1993లోనే గుర్తించారు. అది పెద్ద అణువు. రక్తంలోకి ఎక్కిస్తే మెదడులోకి దాదాపుగా చేరదు. అందుకని తలకు ఆపరేషన్ చేసి, సన్నని గొట్టాలు అమర్చి, నాలుగు వారాలకోసారి నేరుగా మెదడులోకి పంపి చూశారు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. స్కాన్లలో మార్పు కనిపించింది. కదలికల్లో మాత్రం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువును హాని చేయని వైరస్ ద్వారా పంపే ప్రయోగాలు ఇప్పుడు సాగుతున్నాయి. ఎప్పటికి అందుతుందో తేదీ చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే.

ఈ దారి మూసుకుపోయిందని మాత్రం అనుకోకండి. పసిపిల్లల్లో వెన్నుపాము నరాల కణాలు చనిపోయే ఎస్ఎంఏ జబ్బుకు, వారిలో కొరవడిన ప్రొటీన్‌ను తయారుచేసే జన్యు చికిత్సకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. అక్కడా ఎంత త్వరగా ఇస్తే అంత మేలు, ఎందుకంటే చనిపోయిన కణం తిరిగి రాదు. పార్కిన్సన్స్‌కు మాత్రం అనుమతి పొందిన ప్రొటీన్ ఇంజెక్షన్ ఏదీ లేదు. ఉందని ఎవరైనా డబ్బు అడిగితే, ముందు మీ న్యూరాలజిస్ట్‌కు చెప్పండి.

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఆ వాంతుల మాత్రతో సహా, ఒక సంచిలో వేసుకుని రేపే ఆయన్ను న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. లెవోడోపా మోతాదు ఆయనే సరిచేస్తారు. ఈలోగా జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, మాట తడబడినా రేపటిదాకా ఆగొద్దు. రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లి, లెవోడోపా తగ్గించిన విషయం అక్కడి డాక్టర్‌కు ముందే చెప్పండి.