కాజాల కోసం 38 వేల మిషన్ కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. నా దగ్గరున్నది తొక్కే పాత నల్ల మిషన్, సాదా కుట్టు మాత్రమే పడుతుంది. స్కూలు చొక్కాలు, కుర్తీలు, నైటీలు కుడతాను. కాజాలు (గుండీలు దూర్చే రంధ్రాలు) పాతూరులో వేయించుకొస్తాను, ఒక్కో కాజాకు 2 రూపాయలు. నెలకు 350 దాకా అవుతాయి, మే, జూన్‌లలో నెలకు వెయ్యి. నెలకు నాలుగుసార్లు, ఆ రెండు నెలల్లో ఆరేసిసార్లు పోతాను. పోయి రావడానికి ఆటోకు 40 రూపాయలు, గంటన్నర సమయం. షాపులో మూడు జిగ్‌జాగ్ మిషన్లు చూపించారు. నాలుగు దశల్లో కాజా వేసేది 13,500, ఒకే దశలో వేసేది 21,000, కంప్యూటర్ మిషన్ 38,000. చివరిదాన్ని నెలకు 3,650 చొప్పున 12 కంతుల్లో ఇస్తారట, వడ్డీ నూటికి రూపాయీ పావలా పడుతుందన్నారు. మా ఆయనేమో రాయదుర్గంలో జీన్స్ యూనిట్ వాళ్లు అమ్ముతున్న పెద్ద కాజా మిషన్ 55,000కు తీసుకుందాం అంటున్నారు. పొదుపు 15,000 ఉంది, మెప్మా (పట్టణ మహిళల పొదుపు సంఘాల సంస్థ) గ్రూపులో సభ్యురాలిని. ఏది కొనాలి? కమ్మలు అమ్మాల్సి వస్తుందా?
— ఒక సోదరి, అనంతపురం

జవాబు: కమ్మలు అమ్మాల్సిన పనిలేదమ్మా. మీకు సరిపోయేది 21,000 మిషన్. అయితే షాపులో మీ గుడ్డ మీద కాజాలు వేయించి చూశాకే కొనాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు మీ ఏడాది లెక్క వేద్దాం. మామూలు పది నెలలకు 3,500, మే, జూన్‌లకు 2,000, మొత్తం 5,500 కాజాలు. రెండేసి రూపాయల చొప్పున 11,000. ఏడాదికి 52 సార్లు పాతూరు పోతున్నారు, ఆటోకు 2,080. అంటే కాజాల కోసమే 13,080 రూపాయలు ఇంట్లోంచి పోతున్నాయి. సొంత మిషన్ ఉంటే దారం, సూదులు, కరెంటు కలిపి కాజాకు పావలా వేసుకోండి, 1,375. ఏడాదికోసారి సర్వీసింగుకు 800 పక్కన పెట్టండి. మిగిలేది సుమారు 10,900.

ఇంతవరకే చూస్తే 13,500 మిషన్ 15 నెలల్లో, 21,000 మిషన్ 23 నెలల్లో పెట్టుబడి తిరిగిస్తాయి. చవకదే మేలనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో మీ కష్టం లేదు. నాలుగు దశల మిషన్ మీద గుర్తు పెట్టి, ఒక్కో దశకూ డయల్ తిప్పుతూ కాజా వేసి, కోసే సరికి ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒకే దశ మిషన్ మీద నిమిషం పావు. ఏడాదికి మొదటిదాని మీద 183 గంటలు, రెండోదాని మీద 115 గంటలు. పాతూరు ప్రయాణం తప్పడం వల్ల మిగిలే 78 గంటలు తీసేస్తే, మొదటిదాని మీద 105 గంటలు, రెండోదాని మీద 37 గంటలు మీకు అదనపు పని. ఆ గంటల్లో మీరు ఇంకో చొక్కా కుట్టుకోవచ్చు కదా! గంటకు 60 రూపాయలు కట్టి చూడండి. నాలుగు దశల మిషన్ మీద నికరంగా మిగిలేది ఏడాదికి 4,600 మాత్రమే, పెట్టుబడి రావడానికి 35 నెలలు. ఒకే దశ మిషన్ మీద 8,700 మిగులుతుంది, 29 నెలల్లో వచ్చేస్తుంది. ధర తక్కువున్న మిషనే డబ్బు ఆలస్యంగా తిరిగిస్తోంది.

మీ గంట విలువ 48 రూపాయలకన్నా తక్కువని మీకనిపిస్తే లెక్క తిరగబడుతుంది, అప్పుడు 13,500 మిషన్ చాలు. చేతినిండా పనిలేని నెలలు ఎక్కువుంటే అలాగే జరుగుతుంది. మీ ఆర్డర్ల పుస్తకం ముందు పెట్టుకొని మీరే తేల్చుకోవాలి.

కంప్యూటర్ మిషన్ పెట్టుబడిని నాలుగేళ్లకు అటూ ఇటుగా తిరిగిస్తుంది, అదీ రొక్కం పెట్టి కొంటేనే. దాంట్లో వచ్చే పూల కుట్లు స్కూలు చొక్కాకు అక్కర్లేదు. ఇక కంతుల సంగతి. 12 కంతులకు 43,800 కడతారు, అంటే 5,800 ఎక్కువ. 'రూపాయీ పావలా వడ్డీ' అని వాళ్లు చెప్పింది మొదటి నెల బాకీ మీద. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం చివరిదాకా 38,000 మీదే వేస్తున్నారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే అది నూటికి రెండుంపావు రూపాయల వడ్డీ, ఏడాదికి 27 శాతం. దీనికి ప్రాసెసింగ్ ఫీజు తోడైతే ఇంకా పెరుగుతుంది. ఎక్కడ కంతుల మాట వచ్చినా 'ఇదే మిషన్ రొక్కానికి ఎంత?' అని ముందు అడగండి. వడ్డీ లేని కంతులని చెప్పేచోట కూడా రొక్కం ధరకూ కంతుల మొత్తానికీ తేడా ఉంటే అదే వడ్డీ.

రాయదుర్గం మిషన్ గట్టిదే. దానికి కాజా కుట్టడం, కత్తితో కోయడం రెండూ క్షణాల పని. చొక్కా తీసి పెట్టడంతో కలిపి కాజాకు పది సెకన్లు వేసుకున్నా, మీ ఏడాది కాజాలన్నీ దానికి రెండు రోజుల పని. మిగతా 363 రోజులు 55,000 రూపాయలు మూలన కూర్చుంటాయి. చుట్టుపక్కల టైలర్ల కాజాలు కూడా మీరే వేస్తారంటే అది వేరే వ్యాపారం, దాని లెక్క వేరే వేయాలి.

ఇప్పుడు మిషన్ ఎంపిక. ఉషా జనోమ్, సింగర్, బ్రదర్ మూడింట్లోనూ నాలుగు దశలవీ, ఒకే దశవీ ఉన్నాయి. పేరు చూసి కొనొద్దు, కాజా చూసి కొనండి. పైన వేసిన లెక్కంతా కాజా బాగా పడితేనే నిలుస్తుంది. చొక్కా అంతా కుట్టాక చివర్లో వేసేది కాజా, అది చెడితే గుడ్డ ఖరీదు మీ మీద పడుతుంది.

షాపుకు పోయేటప్పుడు మూడు ముక్కలు వెంట తీసుకుపోండి. బక్రం (లోపల వేసే గట్టి గుడ్డ) వేసి మడిచిన స్కూలు చొక్కా బటన్ పట్టీ ఒకటి, కుట్టిన కాలర్ బ్యాండ్ ఒకటి, పల్చటి రేయాన్ కుర్తీ గుడ్డ ఒకటి. మీరు రోజూ వాడే దారం, చొక్కా గుండీ కూడా పెట్టుకోండి. షాపువాళ్ల దగ్గరుండే గంజి పెట్టిన గట్టి గుడ్డ మీద ఏ మిషనైనా అందమైన కాజా వేస్తుంది. మీ పట్టీ మీద అంచుకు సెంటీమీటరున్నర లోపలగా వరసగా ఎనిమిది కాజాలు వేయించండి. ఒక్కటి వేయించి చూస్తే చాలదు. ఎనిమిదీ స్కేలుతో కొలవండి. చొక్కా గుండీ వెడల్పు పదకొండున్నర మిల్లీమీటర్లు, మందం రెండున్నర అనుకుంటే కాజా 14 మిల్లీమీటర్లు ఉండాలి. ఎనిమిదింట్లో ఒకటి 13, ఒకటి 15 వస్తే ఆ మిషన్ వద్దు. నాలుగు దశల మిషన్‌లో పొడవు మీ కంటి అంచనాను బట్టి వస్తుంది, అందుకే తేడాలు ఎక్కువ. ఒకే దశ మిషన్‌లో పాదం (గుడ్డను అదిమిపట్టే భాగం) వెనక గుండీ బిగిస్తే పొడవు అదే తీసుకుంటుంది.

తర్వాత కాజాకు రెండు పక్కలా ఉన్న కుట్టు వరసలు పోల్చి చూడండి. ఒక వరస నిండుగా, రెండోది పల్చగా ఉంటే కారణం ఇదీ: ఒక వరసకు గుడ్డ ముందుకు నడుస్తుంది, రెండోదానికి వెనక్కి నడుస్తుంది. పాదం కింద గుడ్డను నడిపే పళ్లు ముందుకు నెట్టే దూరం, వెనక్కి లాగే దూరం వెంట్రుకవాసి తేడా ఉన్నా అది కాజాలో కనబడిపోతుంది. మంచి మిషన్లలో దీన్ని సరిచేసే చిన్న మర ఉంటుంది. అది ఎక్కడుందో చూపించమనండి, తిప్పి మళ్లీ కాజా వేయించండి. ఆ మర లేని మిషన్ కొనకండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. వాడగా వాడగా పళ్లు అరిగినప్పుడు మిమ్మల్ని ఆదుకునేది అదే.

కాలర్ బ్యాండ్ మీదే అసలు పరీక్ష. అక్కడ పాదం సగం మందం మీద, సగం గాలిలో ఉంటుంది. వంగిపోయి గుడ్డ కదలదు, దారం ఒకేచోట కుప్పపడుతుంది. పల్చగా ఉన్న వైపు పాదం కింద అంతే మందంగా మడిచిన గుడ్డ ముక్క పెట్టి మళ్లీ వేయించండి. అప్పుడు కూడా నిలబడిపోతే పళ్లకు పట్టు లేదన్నమాట. రేయాన్ మీద గుడ్డ ముడుచుకుపోతే తప్పు మిషన్‌ది కాదు, కింద బక్రం పట్టీ పెట్టాలి, 11 నంబరు సూది వేయాలి. స్కూలు చొక్కాల మందపు గుడ్డకు 14. పైదారం టెన్షన్ మామూలు కుట్టుకన్నా ఒక అంకె తగ్గిస్తే ముడి కిందికి దిగి, పైన వరస నున్నగా కనిపిస్తుంది.

మీరు వేసేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పులు కూడా చెబుతాను. ఒకే దశ మిషన్‌లో పాదం వెనకున్న లీవరు పూర్తిగా కిందికి లాగకపోతే మొదటి వరస ఆగకుండా పోతూనే ఉంటుంది, పట్టీ పాడవుతుంది. ఒక కాజా అయ్యాక డయల్‌ను మళ్లీ మొదటికి తేవడం మరిచిపోతే రెండో కాజా మధ్యలోంచి మొదలవుతుంది. నాలుగు దశల మిషన్‌లో సూది గుడ్డలో ఉండగా డయల్ తిప్పితే సూది వంగుతుంది. కోసేటప్పుడు చివరి టాకా (కాజా కొసన అడ్డంగా పడే కుట్టు) ముందు గుండుసూది అడ్డం గుచ్చి, అక్కడిదాకే కోయండి. టాకా తెగిన కాజాను మళ్లీ అతికించలేం.

గ్యారెంటీ కార్డు షాపులోనే చదవండి. 'గృహ అవసరాలకు మాత్రమే' అని ఉంటే, వ్యాపారానికి వాడితే ఏమవుతుందో బిల్లు మీద రాయించుకోండి. సర్వీసు మెకానిక్ అనంతపురంలోనే ఉన్నారా, కాజా పాదం విడిగా దొరుకుతుందా అని కూడా అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీకు చెప్పిన ధర పాత పన్నుతో ఉందేమో చూసి తగ్గించమనండి.

డబ్బు ఇలా సర్దుకోండి. పొదుపులోంచి 10,000 మాత్రమే తీయండి, 5,000 జ్వరాలకూ జబ్బులకూ ఉండాలి. మిగతా 11,000 మీ గ్రూపు అంతర్గత అప్పుగా తీసుకోండి. గ్రూపులో నూటికి రూపాయి వడ్డీ అయితే, తగ్గే బాకీ మీద ఆరు నెలల్లో తీరిస్తే మొత్తం వడ్డీ 385 రూపాయలు. షాపు కంతుల మీద పోయే 5,800తో పోల్చి చూడండి. మొదటి కంతు 1,943, చివరిది 1,852. కాజాల మీద మామూలు నెలల్లో చేతికి మిగిలేది దాదాపు 700, కాబట్టి మిగతాది కుట్టుకూలి లోంచి పెట్టాలి. అందుకే మేలో కంతులు మొదలయ్యేలా అప్పు తీసుకుంటే సీజను రాబడి ఆసరాగా ఉంటుంది.

పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో టైలర్లూ ఉన్నారు. శిక్షణ సమయంలో రోజుకు 500 భత్యం, పరికరాలకు 15,000 ఈ-వోచరు, 5 శాతం వడ్డీకి తొలివిడత లక్ష దాకా రుణం. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది, ప్రభుత్వోద్యోగం ఉన్న కుటుంబాలకు రాదు. మీసేవ లాంటి కామన్ సర్వీస్ సెంటర్‌లోనో, వార్డు సచివాలయంలోనో ఆధార్‌తో అడిగి చూడండి. అయితే ఆ 15,000 నగదుగా చేతికి రాదు, ఎప్పుడొస్తుందో రోజు చెప్పలేం. వస్తే ఇంకో పరికరానికి పనికొస్తుంది. ఈ కొనుగోలు లెక్కలో మాత్రం కలపకండి.

మిషన్ ఏప్రిల్ లోపలే తెచ్చుకోండి. జూన్ రెండో వారంలో బడులు తెరిచే వేళకు మీ చెయ్యి దానికి అలవాటు పడి ఉండాలి. పాత చొక్కా పట్టీలు విప్పి బక్రం వేసి వాటి మీద 50 కాజాలు వేశాకే గిరాకీ చొక్కా పాదం కింద పెట్టండి. మేలో రోజుకు 40 దాటిన కాజాలు ఈ ఏడాదికి పాతూరుకే పంపండి. ఇలాంటి మిషన్ మోటారు పొద్దస్తమానం ఆగకుండా తిరగడానికి చేసింది కాదు, గంట నడిపితే పది నిమిషాలు ఆపాలి.