పీర్ల కొట్టానికి పంచాయతీ పైసలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది నార్కట్‌పల్లి దగ్గరి పల్లె. పీర్ల పండుగకు ఊరంతా కదులుతుంది, పీర్లకు కుడుకల దండలు వేసేవాళ్లలో హిందువులే ఎక్కువ. ఇప్పుడు పీర్లను ఉంచే కొట్టం కప్పు కురుస్తున్నది. పంచాయతీ నిధులతో రేకులు వేయిద్దామంటే, "అట్లయితే గుడికి ప్రహరీ కూడా కట్టాలె" అని కొందరు పట్టుబట్టారు. ఏది సరి?

జవాబు: రెండూ వద్దు. పండుగ అందరిదే అయినా రేకులు పడేది ఒక ప్రార్థనా స్థలం మీద. ఒక మతాన్ని పెంచడానికో, నిలబెట్టడానికో ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 27వ అధికరణం అంటుంది. ఇది పూర్తి నిషేధం కాదనే మాట నిజమే. వసూలైన పన్నులో పెద్ద వాటా ఒక మతానికి పోతేనే తప్పు, కొద్దిపాటి ఖర్చుకు కాదని 2011లో హజ్ సబ్సిడీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ వెసులుబాటు ఊళ్లోకి వస్తే ఏమవుతుందో మీ ఉత్తరంలోనే ఉంది. ఇయ్యాల రేకులు, రేపు ప్రహరీ, ఎల్లుండి చర్చికి గేటు. ఇంటిపన్ను కట్టిన ప్రతివాడూ తన వాటా అడుగుతాడు.

పంచాయతీ చేయాల్సింది వేరే ఉంది. అలాయి గుండం (పండుగకు మంట వేసే గుంట) చుట్టూ దీపాలు, తాగునీళ్లు, మోరీలు తీయించడం, తెల్లారి చెత్త ఎత్తించడం. ఇవి జనానికి చేసే పనులు. కురుమూర్తి జాతరకైనా, జాన్‌పహాడ్ ఉర్సుకైనా కావలసినవి ఇవే. తీర్మానంలో "పండుగ ఖర్చులు" అని గుండుగుత్తగా రాస్తే ఆడిట్‌లో అక్కడే పట్టుకుంటారు. "ఫలానా వీధిలో 4 దీపాలు, 2 ట్యాంకర్ల నీళ్లు" అని పని, లెక్క విడిగా రాయండి.

రేకులకు చందా ఎత్తండి. అంతకుముందు కొట్టం వక్ఫ్ రికార్డులో ఉందేమో చూసుకోండి. ఉంటే మరమ్మతుకు వక్ఫ్ బోర్డును రాతపూర్వకంగా అడగాలి. చందాలు పంచాయతీ రసీదు పుస్తకంలో ఒక్కటి కూడా రాయొద్దు. కొట్టాన్ని రోడ్డు మీదికి జరిపి కట్టే ఆలోచన ఉంటే మానుకోండి. వీధుల్లో, పార్కుల్లో అనుమతి లేకుండా కొత్తగా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదీ కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా పాప చదివే ఎయిడెడ్ బడిలో రోజూ ఒక మతం ప్రార్థనలో కూర్చోవాలంటున్నారు. వద్దనవచ్చా?

జవాబు: వద్దనవచ్చు. ప్రభుత్వ గుర్తింపు గానీ, ఎయిడ్ గానీ ఉన్న ఏ బడి అయినా, పిల్లలు మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మత బోధనలో, ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. ఇది 28(3) అధికరణం. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో అయితే మత బోధనే ఉండరాదు.

ముందు అడ్మిషన్ ఫారం వెనక్కి తిప్పి చూడండి. సమ్మతి వాక్యం చిన్న అక్షరాల్లో ఉండి, మీరు సంతకం చేసి ఉండవచ్చు. ఉన్నా లేకున్నా పాప పేరు, తరగతి, తేదీ వేసి "ప్రార్థనలో పాల్గొనడానికి నా సమ్మతి లేదు" అని ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చి, నకలు మీద ముద్ర, సంతకం వేయించుకోండి. నోటిమాటతో పని కాదు. ఆ మతాన్ని తిడుతూ రాస్తే అసలు విషయం పక్కకు పోతుంది. జవాబు రాకపోతే నకలు జతచేసి జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈఓ) ఇవ్వండి.

జాతీయ గీతాన్ని దీనితో కలపొద్దు. అది ప్రార్థన కాదు. గౌరవంగా నిలబడి, మతవిశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేయడం చెల్లదని 1986లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో తీర్పిచ్చింది. అన్ని మతాల గురించి పాఠం చెప్పడం కూడా మత బోధన కిందికి రాదు.

ప్రశ్న: గుడి మైకు, మసీదు మైకు పోటీ పడుతున్నాయి. హద్దు ఏమిటి?

జవాబు: ఎవరికైనా ఒకటే హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు ఉండరాదు. మిగతా సమయంలోనూ రాతపూర్వక అనుమతి కావాలి. ఇళ్ల ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్. పండుగలకు అర్ధరాత్రి 12 దాకా సడలింపు ప్రభుత్వం ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. ఫిర్యాదులో ఏ దేవుడి మైకు అన్నది కాక, ఏ తేదీన ఎన్ని గంటలకు మోగింది అన్నది రాయండి.