వండే ముందు ఒక గుప్పెడు

"అద్దె ఇల్లు, చాలీచాలని జీతం. అయినా వృథా తగ్గించుకుని, నలుగురికీ కాస్త ఉపయోగపడేలా బతకాలనుంది. రోజూ చేయగలిగే చిన్న అలవాట్లు ఉంటే, మీరు నిజంగా పాటిస్తున్నవే చెప్పండి" అని అడిగారు. నిజంగా పాటిస్తున్నవే అన్నారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. పక్కనే ఉన్న పాతపట్నం మా పుట్టిల్లు, అది శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడుకునే ఊరు. మాదీ అద్దె ఇల్లే. ముందు గదిలో టైలరింగ్ షాపు పెట్టుకుని 19 ఏళ్లయింది.

అన్నిటికంటే ముందు బియ్యం డబ్బా గురించి చెప్పాలి. మా అత్తగారు రోజూ బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేసేవారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అది దేవుడికేమో అనుకున్నాను. నెలాఖరుకి ఆ డబ్బా ఎవరో ఒకరింటికి వెళ్లేది. ఆవిడ పోయాక నేను మానేశాను. అన్నం మిగిలితే ఎలాగూ ఇస్తున్నాం కదా అనుకునేదాన్ని.

మా వీధి చివర ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటారు. రాత్రి తొమ్మిది దాటాక మిగిలిన అన్నం గిన్నె పట్టుకెళ్లి ఆవిడ తలుపు కొట్టేదాన్ని. అప్పటికి ఆవిడ ఏదో ఇంత తిని పడుకోబోతూ ఉండేవారు. మొహమాటానికి తీసుకునేవారు. ఒకరోజు పొద్దున్నే అటు వెళ్తుంటే, ఆ అన్నాన్ని ఆవిడ గుమ్మం పక్కన కుక్క తింటోంది. కోపం రాలేదు, సిగ్గేసింది. ఆవిడకి కావలసింది పొద్దున్న పొయ్యి మీద పెట్టుకోవడానికి బియ్యం. నేను ఇస్తున్నది నా గిన్నె ఖాళీ చేసుకోవడానికి అన్నం. ఆ తేడా అంతవరకూ నాకు తట్టనే లేదు.

ఆ రోజే అత్తగారి డబ్బా మళ్లీ దించాను. కిరాణా కొట్లో కాటా మీద పెట్టి చూస్తే నా గుప్పెడు 40 గ్రాములుంది. రోజుకొకటి చొప్పున నెలకి కిలో 200 గ్రాములు. వండే అన్నంలో ఆ గుప్పెడు తగ్గినట్టు మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మెల్లగా చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ మొదలుపెట్టారు. ఇప్పుడు పది ఇళ్ల నుంచి నెలకి పన్నెండు కిలోల దాకా వస్తోంది. రేషన్‌లో మనిషికి నెలకి 5 కిలోలే కదా, ఒక్కళ్లే ఉండే పెద్దవాళ్లకి రెండు పూటలా వండుకుంటే అది నెలాఖరు దాకా రాదు. ఆ వారం పది రోజుల లోటు దీంతో పూడుతుంది.

మామ్మగారు మాత్రం మొదట ఒప్పుకోలేదు. "ఊరికే అయితే నాకొద్దమ్మా. నా గుప్పెడు కూడా ఆ డబ్బాలో వెయ్యనిస్తానంటే తీసుకుంటాను" అన్నారు. అందుకని రేషన్ వచ్చిన రోజున ఆవిడే వచ్చి, మూత తీసి, తన చేత్తో ఒక గుప్పెడు వేసి వెళ్తారు. నెలాఖరుకి తన వాటా పట్టుకెళ్తారు. అలా వేసేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి. ఇవ్వడమంటే ఏమిటో నాకు ఆవిడే నేర్పారు.

మరి మిగిలిన అన్నం ఏం చేస్తాం? బయటికి పంపం, మేమే తింటాం. చల్లారాక మంచినీళ్లు పోసి మూత పెడితే తెల్లారేసరికి కాస్త పులిసి చద్దన్నం అవుతుంది. ఎదురింటి ఒడియావాళ్లు దాన్నే పఖాళ అంటారు. ఏటా మార్చి 20న పఖాళ దినం అని ఇష్టంగా జరుపుకుంటారు కూడా. వాళ్లు వడియాల్ని బడి అంటారు. వేయించిన బడి, వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి దంచిన బడిచూరా పక్కన పెట్టుకుంటే మా పిల్లలు టిఫిన్ అడగరు.

ఇక నా పని బట్టలతోనే కాబట్టి అక్కడ చేసేవి చెప్తాను. స్కూలు యూనిఫాం కుట్టేటప్పుడు స్కర్టు కింద, ప్యాంటు కాళ్ల దగ్గర లోపలికి రెండంగుళాల మడత ఎక్కువ వదులుతాను. పక్క కుట్ల దగ్గరా కొంచెం మార్జిన్ ఉంచుతాను. మరుసటి జూన్‌లో పిల్ల పొడుగైతే ఆ మడత విప్పి మళ్లీ కుడితే ఇంకో ఏడాది గడిచిపోతుంది. దానికి నేను డబ్బు తీసుకోను. "అలాగైతే కొత్త యూనిఫాం కుట్టే పని పోతుంది కదా" అని మా ఆయన మొదట్లో అన్నారు. పోలేదు. మడత విప్పించుకోవడానికి వచ్చిన తల్లే పండక్కి నాలుగు జాకెట్లు ఇచ్చి వెళ్తుంది. మీరు కూడా టైలర్‌ని అడగండి, లోపల మడత వదలమని. మీరు అడగకపోతే చాలామంది వదలరు, గుడ్డ కత్తిరించి పారేయడమే సులువు.

జాకెట్టు కుట్టాక మిగిలిన ముక్కలు మడిచి జాకెట్టుతోపాటే ఇచ్చేస్తాను, అవి వాళ్లవి. రెండేళ్ల తర్వాత చంక దగ్గర పిగిలితే అదే గుడ్డతో అతుకు వేయొచ్చు. మాకొద్దు అని వదిలేసిన ముక్కల్ని దాచి సంచులు కుడతాను. షాపు తలుపు పక్కన మేకులకి ఓ పది సంచులు వేలాడుతుంటాయి. బజారుకి చేతులూపుకుంటూ పోయేవాళ్లు ఎవరైనా తీసుకెళ్లొచ్చు, వచ్చేటప్పుడు తగిలించి పోవచ్చు. కొన్ని తిరిగి రావు, నేనూ అడగను. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ కవర్లు నిషేధం అన్నారు గానీ, చేతిలో సంచి లేనివాడు ఏదో ఒక కవర్ తీసుకోక ఏం చేస్తాడు? సంచి గుమ్మం దగ్గర కళ్లెదురుగా ఉంటేనే చేతికొస్తుంది. బీరువాలో ఎంత చక్కగా మడత పెట్టి దాచుకున్నా పనికిరాదు.

పాత బట్టలు ఇవ్వడం గురించి ఒకటి తప్పకుండా చెప్పాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లా అంతా అతలాకుతలమైపోయింది. కొండచరియలు విరిగిపడి ఊళ్లలో ప్రాణాలు కూడా పోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నా దగ్గర కాలి మెషిన్ ఉంది కాబట్టి, దానం వచ్చిన బట్టల్లో చిరిగినవి కుట్టి పెడతానని ఒకచోటికి వెళ్లాను. మూటలు మూటలుగా వచ్చాయి. విప్పి చూస్తే జిప్పు ఊడిన ప్యాంట్లు, ఒంటి చెవి స్వెట్టర్ టోపీలు, మాసిన లోదుస్తులు, పెళ్లిళ్లలో కట్టే పూసల చీరలు. ఇల్లు బురదలో మునిగిన మనిషి పూసల చీర ఏం చేసుకుంటుంది? నేను కుట్టగలిగినన్ని కుట్టాను. మిగిలిన గుట్ట వానకి తడిసి, బురదలో కలిసి, చివరికి చెత్త బండి ఎక్కింది. అంత కష్టంలో ఉన్నవాళ్లకి ఆ చెత్త ఎత్తే పని కూడా మనమే పెట్టాం. ఆ గుట్టలో నేను ఇచ్చిన పాత చుడీదార్ ఒకటి కనిపించింది, పక్క కుట్టు విడిపోయి ఉంది. టైలర్‌ని అయ్యుండి రెండు నిమిషాల కుట్టు వేయకుండా ఇచ్చేశాను.

అప్పటి నుంచి ఇంట్లోంచి బయటికి వెళ్లే ప్రతి బట్టా ఉతికి, బొత్తాలు చూసి, ఇస్త్రీ చేసి వెళ్తుంది. చిరిగిపోయేదాకా ఆగను. పిల్లలకి పొట్టి అవుతోందనిపించిన నెలలోనే తీసేస్తాను, అప్పుడైతే ఇంకొకళ్లు రెండేళ్లు వేసుకుంటారు. ఇచ్చే ముందు కొలత అడుగుతాను, కావాలా అని కూడా అడుగుతాను. మెత్తబడిన పాత నూలు చీరలు మాత్రం ఉతికి, ఎండలో బాగా ఆరేసి, ముక్కలు చేసి పొత్తిగుడ్డలుగా పెడతాను. పురిటికి వెళ్లేవాళ్లు అడిగి మరీ తీసుకెళ్తారు. మరీ పాడైనవి బొంతలోకి, తర్వాత మసిగుడ్డలోకి.

ఆవుల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. పక్క సందులో మావుసి అని మేం పిలుచుకునే ఒడియా ఆవిడకి ఒక ఆవు ఉంది. కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు రోజూ ఆవిడ కుడితి కుండలో పోస్తాం, అందువల్ల మా ఇంట్లో తడి చెత్త దాదాపు ఉండదు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అన్నం బాగా మిగిలిపోయింది. పుణ్యం కదా అని రెండు గంపల అన్నం, పులావు ఆవు ముందు పెట్టించాను. సాయంత్రానికి దాని కడుపు ఉబ్బి, పడుకుని లేవలేకపోయింది. పశువుల డాక్టరు వచ్చి, వండిన అన్నం అంత ఒక్కసారిగా పెడితే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణమే పోతుందని చెప్పారు. అదృష్టం కొద్దీ బతికింది. మావుసి నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ రాత్రంతా ఆవు దగ్గరే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇప్పుడు తొక్కలే పోస్తాను, అన్నం పోస్తే దోసెడుకి మించదు. ప్లాస్టిక్ ముక్క, రబ్బరు బ్యాండు ఉందేమో చేయి పెట్టి చూశాకే పోస్తాను.

ఫంక్షన్లకైతే ముందే లెక్క వేసుకుని తక్కువ వండిస్తున్నాం. ఎవరికైనా పంపాలంటే పంక్తి మొదలవకముందే, వేడిగా ఉన్నప్పుడే, పక్కకి తీసి పంపేస్తాం. అడ్డాకుల విస్తళ్లు వాడతాం. అడ్డాకుని ఇక్కడ సియాళి అంటారు. కొండల మీద అడవిలో పాకే పెద్ద తీగ. సవర గిరిజన ఆడవాళ్లు కోసి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో కుట్టి సంతకి తెస్తారు. థర్మాకోల్ పళ్లేలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, కానీ ఆకు వాడటానికి నాకు ఆ కారణం అక్కర్లేదు. సాంబారు పోసినా కారదు, తిన్నాక మట్టిలో కలుస్తుంది, డబ్బు కొండ మీది ఇంటికి వెళ్తుంది.

వాళ్ల దగ్గర బేరం ఆడను. విస్తళ్లు గానీ, చింతపండు గానీ, కొండ చీపుర్లు గానీ. తెల్లవారకముందే నెత్తిన మోసుకుంటూ దిగివస్తారు. సాయంత్రం దాటితే తిరిగి మోసుకెళ్లలేక సగం ధరకి వదిలేస్తారని కొందరు కావాలనే ఆలస్యంగా వెళ్తారు. నేను పొద్దున్నే వెళ్లి, చెప్పిన ధర ఇచ్చి తెచ్చుకుంటాను. నెల మొత్తం మీద నాకు పడే తేడా రెండు టీల ఖరీదు కూడా ఉండదు.

వేసవిలో షాపు ముందు మంచినీళ్ల కుండ పెడతాను. తడి గోనె చుట్టి, మూత మీద కాడ ఉన్న గరిటె. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, రోజూ కుండ కడగాలి, అంతే. కానీ మావుసి నేర్పిన ఇంకోటి ఉంది. ఏప్రిల్ 14 ప్రాంతంలో పణా సంక్రాంతి వస్తుంది. ఆ రోజు ఒడియావాళ్లు తులసి కోట పైన చిన్న కుండ కట్టి, అడుగున సన్నటి చిల్లు పెట్టి, నెలంతా చుక్క చుక్కగా నీళ్లు పడేలా చేస్తారు. బసుంధరా ఠేకి అంటారు. నేను అది చూసి కరివేపాకు కుండీకి కూడా ఒకటి కట్టాను. చెంబుడు నీళ్లు రోజంతా వస్తాయి, మేలో కూడా ఆకు వాడలేదు. ఇంటి ఓనరు మొక్కలు వద్దంటే ఒక కుండీ చాలు.

మీరు ఒక్కటే మొదలుపెట్టాలనుకుంటే బియ్యం డబ్బాతో మొదలుపెట్టండి. గట్టి మూత ఉన్నది చూసుకుని, ఎండిన వేపాకులు నాలుగు అడుగున వేయండి, పురుగు పట్టదు. మొదటి నెల ఎవరికీ చెప్పకండి. డబ్బా నిండాక ఎవరికివ్వాలో తోచకపోతే, మీ వీధిలో పాలు పోసే ఆయన్నో ఇస్త్రీ చేసే ఆవిడనో అడగండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకి తెలుస్తుంది.