ఖడ్గమృగం ఎముక దొరికితే అక్కడ భారీ వానలు పడినట్టేనా?

ప్రశ్న: బేతంచెర్ల దగ్గరున్న బిల్లసర్గం గుహల్లో ఖడ్గమృగం ఎముకలు దొరికాయని చదివాను. అంటే మా కర్నూలు సీమ ఒకప్పుడు అస్సాం లాగా వానలు కురిసే చోటని అనుకోవచ్చా? మట్టి పొరల్లోని ఎముకలను బట్టి నాటి వాతావరణాన్ని ఎలా చెబుతారు?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఎముకలు దొరికిన మాట నిజమే. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ గుహల్లో తవ్వినప్పుడు అవి బయటపడ్డాయి. కానీ వాటిని బట్టి మీరు ఊహించినంత దూరం వెళ్లలేము. ఖడ్గమృగానికి కావలసినవి పచ్చిగడ్డి, ఏడాది పొడవునా అందే నీరు. ఈ రెండూ వానలు అంతంతమాత్రంగా ఉన్న చోట కూడా ఏటి ఒడ్డున దొరుకుతాయి. కర్నూలు కంటే తక్కువ వాన పడే పెషావర్ పరిసరాల్లో 16వ శతాబ్దంలో బాబరు ఖడ్గమృగాలను వేటాడిన సంగతి ఆయన ఆత్మకథలోనే ఉంది.

అందుకే పరిశోధకులు ఒక్క జంతువును కాక, ఒకే పొరలో కలిసి దొరికిన జంతువులన్నింటినీ చూస్తారు. కృష్ణజింక బయలు గడ్డినేలల జీవి, కణుజు చెట్ల నీడను కోరేది. రెండూ ఒకే పొరలో కనిపిస్తే గుట్టమీద చెట్లు, కింద మైదానంలో గడ్డి ఉండేవని ఊహించడం సమంజసం. నా మటుకు నేను పెద్ద జంతువుల కంటే ఎలుకలు, చుంచుల సాక్ష్యాన్నే ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే ఏనుగులా మేత వెతుక్కుంటూ ఎంతో దూరం పోలేని ఈ చిన్న ప్రాణులు తాము పుట్టిన నేల తేమనూ పొడినీ బట్టే బతుకుతాయి.

అయితే ఆ ఎముకలను గుహలోకి తెచ్చినది ఎవరన్నది ముందుగా తేల్చుకోవాలి. దుమ్ములగొండి దూరం నుంచి కళేబరాన్ని ఈడ్చుకొస్తుంది, ఏదుపంది కొరకడానికి ఎముకలను పోగుచేస్తుంది, గుడ్లగూబ తాను మింగిన ఎలుకల ఎముకలను ఉండలుగా చేసి కక్కుతుంది. కాబట్టి గుహలో ఏ జంతువు ఎముకలు ఎక్కువగా ఉన్నాయన్నది కొన్నిసార్లు వాతావరణాన్ని కాక, వేటగాడి అభిరుచిని చెబుతుంది.

దంతాలు ఇంకొక దారి చూపుతాయి. మన జొన్న, కొర్ర వంటి ఎండతట్టు గడ్డిజాతులు కార్బన్‌ను గ్రహించే పద్ధతి వేరు, వరిదీ చెట్లదీ వేరు. ఆ తేడా వాటిని మేసిన జంతువు పంటి ఎనామిల్‌లో వేల ఏళ్లు నిలిచి ఉంటుంది. ఆ జంతువు గడ్డి మేసిందో, ఆకులు తిన్నదో కార్బన్ ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తిని కొలిచి చెప్పవచ్చు.

వీటన్నింటికీ పొర వయసు తెలియాలి. ఇదే సీమలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద ఒక పొరగా నిలిచి ఉంది. దాని కింద ఉన్నది దానికంటే పాతది, పైన ఉన్నది కొత్తది. ఇంత స్పష్టమైన గుర్తు అన్ని చోట్లా ఉండదు కనుక, పొర తెలియకుండా తవ్వి తీసిన ఎముక జంతువు పేరు చెప్పగలదే గానీ అది బతికిన కాలాన్ని చెప్పడం కష్టం.

బిల్లసర్గంలో పొరల వారీగా మళ్లీ తవ్వి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా భారత ఉపఖండంలో ఎక్కడో ఒకచోట కొనసాగుతూనే వచ్చాయి. ఆ కాలంలో వాతావరణం ఎన్నోసార్లు మారింది. కనుక ఈ సీమలో ఇప్పుడు ఖడ్గమృగం లేనంత మాత్రాన వానలు తగ్గడమే కారణమని తేల్చలేము; దానికి మేతనిచ్చిన ఏటిగట్లను మనుషులు సాగులోకి తెచ్చుకోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.