న్యాయ సలహా: ఆసుపత్రికి వెళ్ళవలసిన బిడ్డ స్టేషనుకు వెళ్తే

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏళ్ళు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. కార్తీకమాసంలో వరుసగా మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా ఇల్లంతా తిరిగాడు. పక్కింటివాళ్ళు ఫోన్లలో తన గురించే మాట్లాడుకుంటున్నారని, అన్నంలో ఏదో కలుపుతున్నారని అనేవాడు. నాలుగో రాత్రి డాబా మీది గదిలో గడియ పెట్టుకుని, అద్దం పగలగొట్టి, గాజుపెంకు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మావారు ఊళ్ళో లేరు. ఏం చేయాలో తోచక 112కి ఫోన్ చేశాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, బతిమాలి తలుపు తీయించారు. అంతవరకు వాళ్ళకు దణ్ణం పెట్టాలి. అయితే ఆసుపత్రికి కాకుండా స్టేషనుకు తీసుకువెళ్ళి, ఫోను, బెల్టు తీసేసుకుని తెల్లవారేదాకా బల్లమీద కూర్చోబెట్టారు. పొద్దున్నే ఎస్సైగారు కౌన్సెలింగ్ అంటూ రెండు చెంపదెబ్బలు కొట్టి, మా మరిది చేత ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపించారు. ఇప్పుడు డాక్టరు గారి మందులతో నిద్రపోతున్నాడు కానీ నాతో మాట్లాడడు. "నన్ను పోలీసులకు పట్టించావు" అన్నది ఒక్కటే మాట. వాడి మీద కేసు ఉన్నట్టా? ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అడ్డమా? మళ్ళీ అలాంటి రాత్రి వస్తే ఫోన్ చేయాలా, వద్దా?
— ఒక తల్లి (ఊరు పేరు రాయవద్దన్నారు)

జవాబు: అమ్మా, మీరు ఫోన్ చేయడంలో తప్పు లేదు. తప్పు జరిగినది జీపు ఆసుపత్రి వైపు కాకుండా స్టేషను వైపు తిరిగిన చోట.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమలులో ఉంది. మానసిక అస్వస్థత వల్ల తనకు గాని, ఇతరులకు గాని హాని చేసుకునే స్థితిలో ఉన్నాడని నమ్మడానికి కారణం కనిపించిన వ్యక్తిని రక్షణలోకి తీసుకోవలసిన బాధ్యతను ఆ చట్టం 100వ సెక్షను స్టేషను అధికారి మీద పెట్టింది. ఆ వ్యక్తి రోడ్డు మీదే తిరుగుతూ ఉండాలని లేదు. ఇంట్లో ఉన్నవాడికీ ఇది వర్తిస్తుంది. ఎందుకు తీసుకువెళుతున్నారో అతనికి చెప్పాలి. అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే అతని తరఫు ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో గాని జైలులో గాని ఉంచకూడదని అదే సెక్షను నిషేధించింది, దానికి మినహాయింపు కూడా లేదు. మీ అబ్బాయిని ఊచల వెనక పెట్టలేదు, బల్లమీదే కూర్చోబెట్టామని వారు అనవచ్చు. కానీ చట్టం చెప్పిన గమ్యం ఆసుపత్రి. తెల్లవార్లూ స్టేషనులో కూర్చోబెట్టి, డాక్టరుకు చూపించకుండానే ఇంటికి పంపడం ఆ సెక్షనులో ఎక్కడా ఇమడదు. చెంపదెబ్బ సంగతి చెప్పనక్కరలేదు. మన వైపు "రెండు తగిలిస్తే దెయ్యం దిగుతుంది" అనే మాట యూనిఫాం వేసుకున్నవారి కంటే ముందు మన ఇళ్ళలోనే పుట్టిందని కూడా ఒప్పుకోవాలి.

ఇక కేసు విషయం. రక్షణలోకి తీసుకోవడం అరెస్టు కాదు, స్టేషను డైరీలో రాసుకున్నంత మాత్రాన అది క్రిమినల్ కేసు కాదు. మీ మరిది సంతకం పెట్టిన కాగితం ఏమిటో మాత్రం తేల్చుకోవాలి. సాధారణంగా అది "ఇకపై మావాడిని జాగ్రత్తగా చూసుకుంటాము" అనే హామీ పత్రమై ఉంటుంది. బైండోవరేమో, అంటే మంచి నడవడికకు రాయించుకునే పూచీకత్తేమో అని చాలామంది భయపడతారు. బైండోవర్ చేయాలంటే తహసీల్దారు వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. స్టేషనులో కూర్చుని రాయించుకున్న కాగితం బైండోవర్ కాదు. నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే మీ అబ్బాయి పేరుతోనే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. జవాబుకు గడువు 30 రోజులు. ఎఫ్ఐఆర్ లేదని తేలితే పాస్‌పోర్టు, ఉద్యోగాల విషయంలో మీరు దిగులు పడవలసినది లేదు.

మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది: ఆ రాత్రి గాజుపెంకుతో తనను తానే గాయపరచుకుని ఉంటే ఏమయ్యేది? ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనిని విచారించి శిక్షించకూడదని ఈ చట్టం 115వ సెక్షను చెబుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ విషయంలో ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యాయత్నం చేయడమే అందులో నేరంగా మిగిలింది. ఆసుపత్రిలో మెడికోలీగల్ అని రాసుకుని పోలీసులకు కబురు పెడతారు. దానిని చూసి కేసు పెట్టారని బెదిరి, రోగిని రాత్రికి రాత్రే ఇంటికి తీసుకువెళ్ళిపోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అలా చేయవద్దు.

మళ్ళీ అలాంటి రాత్రి వస్తే ఫోన్ చేయండి, కానీ చెప్పే మాట మార్చండి. కంగారులో మన నోటి వెంట "మావాడు గొడవ చేస్తున్నాడండీ" అనే వస్తుంది. గొడవ అన్న మాట వినగానే అవతలివారికి తాగుబోతో, ఆస్తి తగాదాయో గుర్తుకు వస్తుంది. "మా అబ్బాయికి మానసికంగా బాగాలేదు, మందులు వాడుతున్నాడు, ఎవరినీ కొట్టలేదు, చేతిలో గాజుపెంకు ఉంది, ఆసుపత్రికి చేర్చాలి, 108 కూడా పంపండి" అని చెప్పండి. చేతిలో ఉన్నదాన్ని దాచకండి. తెలియకుండా లోపలికి వచ్చినవారు బెదిరితేనే చేయి జారుతుంది. వారు వచ్చేలోపు టీవీ ఆపి, లైట్లు వేసి, గుమిగూడిన ఇరుగుపొరుగును గేటు బయటికి పంపండి. లోపల ఒక్కరే మాట్లాడాలి, అది వాడు మాట వినే మనిషై ఉండాలి. డాక్టరు గారి చీటీలు, ఆధార్ నకలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువా పై అరలో ఉంచుకుంటే, జీపు కదిలేటప్పుడు అది చేతికిచ్చి "వంద సెక్షను ప్రకారం ఆసుపత్రికేనండీ" అని గుర్తు చేయవచ్చు. సెక్షను నంబరు తెలిసిన తల్లికి కానిస్టేబుళ్ళు ఇచ్చే జవాబు వేరుగా ఉంటుందని ఇన్నేళ్ళ వకీలు వృత్తిలో చూశాను.

ఆసుపత్రి అంటే ఎర్రగడ్డకో, విశాఖపట్నానికో పరుగెత్తనక్కరలేదు. మీ పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టు లేకపోయినా, ప్రాణాపాయం, తీవ్రహాని తప్పించడానికి అక్కడి డ్యూటీ డాక్టరు 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చని 94వ సెక్షను అనుమతిస్తుంది. అంత దాకా రాకముందు, అంటే రెండో రాత్రి నిద్ర పట్టనప్పుడే, 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది.

ఎస్సైగారి మీద ఫిర్యాదు చేయాలా అన్నది మీ అబ్బాయి నిర్ణయించవలసిన విషయం, దెబ్బ తిన్నవాడు అతను కాబట్టి. రాష్ట్ర మానవ హక్కుల కమిషనుకు వెళ్ళాలనుకుంటే సంఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్ళాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

"పట్టించావు" అన్న మాటకు నా దగ్గర సెక్షను లేదు. అయితే మనసు కుదుటపడ్డాక అతని ముందు ఒక తెల్లకాగితం పెట్టి, మళ్ళీ అలా అయితే తన తరఫున ఎవరు నిర్ణయం తీసుకోవాలో, ముందు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో అతన్నే రాయమనండి. తన ప్రతినిధిని తెల్లకాగితం మీద సంతకంతో నియమించుకునే హక్కు మేజరైన వ్యక్తికి ఈ చట్టమే ఇచ్చింది. బాబాయి పేరు రాసినా, స్నేహితుడి పేరు రాసినా నొచ్చుకోకండి.

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. మనిషి మనిషిలా లేడని, అక్కడి పోలీసుల అత్యవసర నంబరు 911కు చేయడానికి భయంగా ఉందని రూమ్మేట్లు అంటున్నారు. ఇక్కడి నుంచి మేమేం చేయగలం?
— ఒక పెదనాన్న, కరీంనగర్

జవాబు: ఆ పిల్లల భయం ఊరికే పుట్టినది కాదు. 2024 మార్చిలో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, బంగ్లాదేశ్ నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందిన 19 ఏళ్ళ యువకుడు తనకు సాయం కావాలని తానే 911కు ఫోన్ చేసుకున్నాడు. వచ్చిన పోలీసులు, కత్తెర పట్టుకున్నాడని, తల్లి కళ్ళ ముందే వంటింట్లో కాల్చి చంపారు. అందుకే తక్షణ ప్రాణాపాయం లేనంతవరకు ముందు 988కు చేయమనండి. 2022 జూలై నుంచి అక్కడ మానసిక సంక్షోభాలకు ఉన్న నంబరు అదే. యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రానికీ చెప్పమనండి. 911 తప్పనిసరి అయితే సీఐటీ, అంటే మానసిక సంక్షోభంలో ఉన్నవారితో ఎలా మెలగాలో నేర్పే శిక్షణ, పొందిన ఆఫీసరును పంపమని అడగాలి. 1988లో మెంఫిస్‌లో మొదలైన ఆ శిక్షణ ఇప్పుడు అక్కడ చాలా ఊళ్ళలో ఉంది. ఎవరి చేతిలోనూ ఏమీ లేకుండా, చేతులు కనబడేలా నిలబడాలి.

ఇండియా నుంచి 911 కొడితే అక్కడికి వెళ్ళదు. కాబట్టి పిల్లవాడి అపార్ట్‌మెంట్ నంబరుతో సహా పూర్తి చిరునామా, ఆ ఊరి పోలీసుల పది అంకెల మామూలు నంబరు, ఇద్దరు రూమ్మేట్ల ఫోన్లు ఈ రోజే తెప్పించుకుని రాసిపెట్టుకోండి.